దాగిన రాజ్యము

లోకమునకు కనబడకుండ ఎచ్చటనో యొక రాజ్యము కలదనియు, అందలి జనులు మనకన్న బలవంతులు, విద్యావంతులు అనియు తలంచుట మానవునకు చిరకాలపు అలవాటు. మన పెద్దలు పాతాళమున నాగలోకమును చెప్పిరి. అమెరికా దేశమున బొమ్మల కథలు వ్రాసిన స్టాన్ లీ, చిత్రకారుడైన జాక్ కిర్బీ కలిసి 1966లో ఆఫ్రికా ఖండమున వకాండా అను రాజ్యమును కల్పించిరి. పూర్వమెన్నడో ఆ నేలపై ఒక ఉల్క పడినదట. అందు వైబ్రేనియము అను అపూర్వ లోహము కలదు. దాని మహిమచే వకాండావారు ఇతరులెరుగని యంత్రములు నిర్మించుకొని, ఎల్లలు మూసికొని, తాము పేదవారమన్నట్లు లోకమునకు కనబడుచుందురు. వారి రాజగు తిచల్లా నల్లచిరుత వేషమున శత్రువుల నెదిరించును. అతని బిరుదే బ్లాక్ పాంథర్.

యాబదియేండ్ల పిదప, 2016లో, టా-నెహిసీ కోట్స్ అను రచయిత ఈ కథను క్రొత్తగ వ్రాయనారంభించెను. ఆ బొమ్మల నవల ఒక వేసవి సెలవులలో వాడపల్లికి చేరినది.

వాడపల్లి ఆత్రేయపురము చెంత గౌతమీ తీరమున నున్న గ్రామము. ఏడు శనివారముల మ్రొక్కు చెల్లించువారితో శనివారమునాడు అచ్చటి వీథులు క్రిక్కిరిసియుండును. అచ్చటి వేంకటేశ్వరస్వామి మూర్తి రక్తచందనపు దారువు. అది గోదావరి నీటిలో దాగియుండి భక్తులకు దొరకినదని స్థలపురాణము. కావున దాగిన వస్తువులను గూర్చిన కథ ఆ యూరివారికి వింతగ తోచలేదు.

హైదరాబాదులో చదువుకొనుచున్న యొక యువతి ఎనిమిదవ తరగతి చదువు తమ్మునికై ఆ పుస్తకమును తెచ్చినది. బాలుడు దానిని ఒక్క పూటలో ముగించెను. బొమ్మల నవలలను చదువుటలో ఇది యొక దోషము. కన్నులు చిత్రములవెంట పరుగెత్తును, మాటలు వెనుకబడిపోవును.

సాయంకాలమున వీథియరుగుపై చర్చ మొదలయ్యెను.

"వకాండావారు దాగియుండుటయే తెలివి. ఇనుపపెట్టె ఇచ్చట నున్నదని దొంగలకు చెప్పుదుమా?" అని బాలుడనెను.

కొబ్బరితోట చేయు పెదనాన్న ఆ మాట మెచ్చుకొనెను. "వీడు చెప్పినది నిజము. మన కోనసీమ నేలక్రింద వాయువున్నదని తెలిసిన పిదప ఏమైనది? 1995 జనవరిలో పాశర్లపూడివద్ద బావి అంటుకొని 65 దినములు మండినది. 2014 జూన్ నెలలో నగరం గ్రామమున తెల్లవారుజామున గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగ మరణించిరి. క్రింద ధనమున్నదని ఎవ్వరికిని తెలియకున్నచో ఆ నిదురించుచున్నవారు లేచి తమ పనులకు పోయియుందురు."

ఆయన ఆంగ్లము చదువలేదు. అయినను ఆ పుస్తకమును గూర్చి ఆనాడు పలికిన మాటలలో తేలికగ త్రోసివేయరానిది ఇదియే. కథలోని లోహమును దూరదేశపు పాఠకులు వింతగ చూచిరి. కోనసీమ రైతు దానిని ఎరిగిన వస్తువుగ చూచెను.

అక్క మాత్రము ఒప్పుకొనలేదు. "పెదనాన్నగారూ! 16వ శతాబ్దినుండి 19వ శతాబ్దివరకు ఆఫ్రికానుండి సుమారు 1 కోటి 25 లక్షలమందిని బానిసలుగ ఓడలకెక్కించిరి. ఇది కల్పన కాదు, చరిత్ర. అంత బలముగల వకాండా ఆ కాలమంతయు తలుపులు వేసికొని కూర్చున్నదని ఈ కథ చదువువారు అనుకొనవలెను. ప్రక్కయిల్లు కాలుచుండగ నూతిపై మూత వేసికొన్నవారిని మన యూరిలో ఏమందురు?"

ఈ ప్రశ్న ఆమె యొక్కతెకే తోచినది కాదు. దేశదేశముల పాఠకులు దీనినే అడిగిరి. 2018లో వచ్చిన చలనచిత్రమున దీనిని ప్రతినాయకుని నోట పలికించిరి. ప్రశ్న న్యాయమైనది గనుకనే కాబోలు, ఆ చిత్రము చూచినవారిలో పలువురు రాజుకన్న ఆ శత్రువునే ఎక్కువ తలచుకొనిరి.

పొరుగింటి విశ్రాంత ఉపాధ్యాయుడు పుస్తకమును అడిగి తీసికొనిపోయి, రెండుదినములకు తిరిగి తెచ్చెను. "మీరందరు తలుపు తీయవలెనా, మూయవలెనా అనుచున్నారు. కోట్స్ అడిగినది వేరు. తలుపు తాళము ఒక్క రాజు చేతనే ఏల యుండవలెను? ఈ కథలో ప్రజలు రాజుపై తిరుగబడుదురు. రాజును రక్షింపవలసిన దళములోని ఇరువురు స్త్రీలే ఆయనను కాదని, పీడితులైన ఆడువారి పక్షమున నిలుతురు. తుదకు రాజు ప్రజలను సంప్రదించి రాజ్యాంగము ఏర్పరచుటకు అంగీకరించును" అని ఆయన వివరించెను.

"అందుకే ఇందులో యుద్ధములు తక్కువ, మాటలు ఎక్కువ," అని బాలుడు గొణిగెను. ఇదియు పెక్కుమంది పాఠకుల ఫిర్యాదే. కొంతవరకు నిజము కూడ. కోట్స్ పాత్రలు పోరాడవలసినచోట ఉపన్యసించును.

మాస్టారు నవ్వి, "నీవు ఏటేట రథము చూచు వీథిలో జరిగిన కథ ఎరుగుదువా?" అని అడిగెను.

బాలుడెరుగడు. 1931 మార్చి 5న గాంధీమహాత్మునకును వైస్రాయి ఇర్విన్‌కును ఒడంబడిక కుదిరినది. ఆ నెల 30వ తేదీన వాడపల్లి రథోత్సవము. జనులు స్వామి రథముపై గాంధీజీ పటము నుంచిరి. దానిని తీయవలెనని పోలీసులు పట్టుపట్టిరి. జనులు తీయమనిరి. తుపాకులు ప్రేలినవి. రథము లాగవచ్చినవారిలో కొందరు అచ్చట ప్రాణములు కోల్పోయిరి.

బాలుడు కొంతసేపు మాటలాడక, "వారు ముసుగులు వేసికొనలేదా?" అనెను.

"లేదు నాయనా. ముసుగు వేసికొనువారైనచో పటమును ఇంటిలోనే దాచుకొందురు. పగటివేళ, తమ ముఖములతోనే వచ్చిరి. పోలీసులకు వారి పేరులును ఇండ్లును తెలియును."

అక్క తలయూపెను. పెదనాన్న మాత్రము ఊరకుండలేదు. "బయటపడినందుననే గదా మాస్టారూ, గుండ్లు తగిలినవి? ఆ యిండ్లలోని పిల్లల మాట ఏమి?"

మాస్టారు వెంటనే బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నకు వీథియరుగుపై దొరకు సమాధానము లేదు. ఆయన కండ్లద్దములు తీసి తుడుచుకొని, "ఆ మాట అడుగవలసినదే," అని మాత్రమనెను.

పెదనాన్న పుస్తకమును చేతిలోనికి తీసికొని, సింహాసనముపై తలవంచుకొని కూర్చున్న రాజు బొమ్మను చాలసేపు చూచెను. పిదప దానిని బాలుని కిచ్చుచు, "రాజ్యాంగము ఏర్పడునంటిరి గదా. ఆ గనులు ఎవరివో, త్రవ్వుటకు ఎవరిని అడుగవలెనో అందు వ్రాసినారేమో చూచి చెప్పు," అనెను.

బాలుడు ఈ మారు బొమ్మలను విడిచి, మొదటి పుటనుండి మాటలు చదువనారంభించెను.