అమానత్ ఎక్కడ పెట్టాలి?

"మామూ, పూరా ఖాలీ దిఖ్రా!"

కడప నుంచి మా ఆపా కొడుకు ఫోన్. ఇషా నమాజ్ చదివి అప్పుడే ఇంటికొచ్చాను. వాడి గొంతు విని ఎవరికేమైందోనని గుండె జారింది. అయింది మనుషులకు కాదు, పేర్లకు. మా ఖాందాన్ షజ్రా మొత్తం, నాలుగు వందల పైచిలుకు పేర్లు, కనపడ్డం లేదంట.

ఆ షజ్రా మా అబ్బా బయాజ్‌లోది. ఎవరు ఎవరి ఔలాదో, నికా ఎప్పుడో, ఇంతెకాల్ ఎప్పుడో అన్నీ ఉర్దూలో రాసిపెట్టారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు ఆ బయాజ్ కూడా నీళ్లలో నానింది. నేను తొందరపడి తెరవబోతే అమ్మీ చేయి పట్టుకుంది. "ఠైర్ బేటా, చిరిగిపోతుంది" అంది. తర్వాత ఒక్కో పేజీ మిద్దె మీద ఎండబెట్టింది. సిరా అలుక్కుపోయిన ఆ రాతను ఇప్పుడు ఇంట్లో చదవగలిగేది నేనొక్కణ్నే. నాది ఉర్దూ మీడియం బడి, పిల్లలది ఇంగ్లిష్ మీడియం. అందుకే పోయిన రంజాన్‌లో సహరీ దాకా మేలుకొని ప్రతి పేరునూ ఉర్దూలో, పక్కనే తెలుగులో టైప్ చేశాను.

దాన్ని మావాడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌గా చేసి డాకర్ కంటైనర్‌లో పెట్టాడు. సాఫ్ట్‌వేర్‌నూ దానికి కావాల్సిన సామానునూ ఒక మూటగా కట్టి, ఏ కంప్యూటర్‌లోనైనా నడిపే పద్ధతది. 2013లో డాకర్ వచ్చాక బాగా వాడుకలోకొచ్చింది. నాకర్థమైనంతలో అది ముసాఫిర్‌ఖానాలో గది. ఖాళీ చేస్తే కూల్చేస్తారు, అడిగితే అచ్చం అలాంటిదే కొత్తది లేపుతారు. అది దాని ఐబ్ కాదు, దాని పనే అది. కానీ అమానత్‌ను అలాంటి గదిలో వదిలి రాకూడదు. బయట వాల్యూమ్ అనే సందూక్‌లో పెట్టి, దానికో పేరు పెట్టాలి. మావాడు పెట్టలేదు. పోర్ట్ మార్చాలని పాత కంటైనర్ తీసేసి కొత్తది లేపాడు. కొత్త గదిలో కొత్త ఖాళీ సందూక్.

"ఇంకేమీ తుడపొద్దు బేటా, ఆగు" అన్నాను. అమ్మీ నేర్పింది అదొక్కటే నాకు తెలుసు.

అదే కాపాడింది. మనం చెప్పకపోయినా పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ తనే పేరులేని వాల్యూమ్ ఒకటి చేసుకుంటుంది. కంటైనర్‌ను మామూలుగా తీసేస్తే అది డిస్క్‌లో మిగిలే ఉంటుంది. వాల్యూమ్‌ల జాబితా తీస్తే 64 అక్షరాల పొడుగు పేరుతో లావారిస్‌గా కనపడింది. జాగా కోసమని ప్రూన్ కొట్టుంటే అదీ పోయేది. దాన్ని కొత్త కంటైనర్‌కు తగిలించగానే మా దాదా పేరు తెర మీదకొచ్చింది. అల్‌హమ్‌దులిల్లాహ్!

ఇప్పుడు వాల్యూమ్‌కు పేరుంది. అయినా అది బ్యాకప్ కాదు, డిస్క్ పోతే దాంతోపాటే పోతుంది. అందుకే ప్రతి జుమాకూ పీజీ డంప్‌తో నకలు తీసి ఒకటి కర్నూలులో, ఒకటి కడపలో దాస్తున్నాం. కడపకు వరద రాదని కాదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి మరిచిపోలేదు. రెండు ఇళ్లూ ఒకేరోజు మునగవని ఉమ్మీద్, అంతే.

నకలు సరిగా తెరుచుకుంటుందో లేదో పోయిన జుమాకు చూశాం. మా అమ్మాయి తెలుగులో వాళ్ల దాదా పేరు వెతికింది. పక్కనున్న ఉర్దూ చూపించి, "అబ్బా, ఇది ఎటునుంచి మొదలుపెట్టాలి?" అంది.

కుడివైపు నుంచి, బేటీ.