కనుమనాటి ముక్కు

జనవరి 16, కనుమ రాత్రి
పండగ డ్యూటీ కదా, కోడికత్తి గాట్లు వస్తాయనుకున్నా. కబడ్డీ ముక్కు వచ్చింది. కూతకెళ్ళిన ఇంటర్ కుర్రాడికి అవతలివాడి మోకాలు తగిలిందట. తల వెనక్కి వాల్చి తెచ్చారు, రక్తమంతా మింగి వాంతి చేసుకున్నాడు. ముందుకు వంచి, మెత్తటి భాగం పది నిమిషాలు నొక్కిపట్టిస్తే ఆగింది.

"ఎక్స్‌రే తియ్యరా మేడమ్?" వాళ్ళ నాన్న అడుగుతూనే ఉన్నారు. వేళ్ళకింద ఎముక కిరకిరలాడుతుంటే ఇంకా ఫిల్మ్ దేనికి? అందులో మృదులాస్థి ఎలాగూ కనపడదు. నా భయమంతా ముక్కు రంధ్రాల మధ్య ఉండే దూలం గురించే. టార్చి వేసి, దూదిపుల్లతో రెండువైపులా తాకి చూశా. ఎర్రగా, నీలంగా ఉబ్బి మెత్తగా తగిలితే లోపల రక్తం చేరినట్టే, వెంటనే కోసి తీసెయ్యాలి. మృదులాస్థికి పోషణ పైపొర నుంచే. పొర విడిపోతే కొద్దిరోజుల్లోనే అది చచ్చి, ముక్కు నడుమ కుంగిపోతుంది. ఇతనికి ఆ ఉబ్బు లేదు. నీళ్ళలాంటి మెదడు ద్రవమూ కారడం లేదు. ఐసు పెట్టమని, ముక్కు చీదొద్దని చెప్పి పంపేశా.

జనవరి 20
వాపు దిగాక వంకర బయటపడింది. నాన్నగారు బయట ఎక్స్‌రే తీయించే తెచ్చారు! పక్కన పెట్టి, ఫోన్లో భోగినాటి ఫొటో చూపించమన్నా. పాత వంకరేదో కొత్తదేదో తేల్చేది అదే. పెద్దవాళ్ళకైనా రెండు వారాల్లోపు సరిచెయ్యాలి, ఆలస్యమైతే అతుక్కుపోతుంది. చిన్నపిల్లలకి ఇంకా తొందరగా.

జనవరి 23
ఆపరేషన్ థియేటర్. ఎముకని ఎత్తే పనిముట్టు ఎలివేటర్‌ని ముందు ముక్కు బయటే ఆనించి, కంటి మూల దాటకుండా వేలితో గుర్తుపెట్టుకున్నా. లోపలికి పోనిచ్చి ఎత్తుతూ, బయట బొటనవేలితో నెట్టా. టక్. ఆ చప్పుడుకి మా సిస్టర్ ఎప్పుడూ కళ్ళు మూసుకుంటుంది. లోపల గాజ్, పైన ప్లాస్టర్. క్రీ.పూ. 1600 నాటి ఈజిప్టు వైద్యగ్రంథం ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లోనూ ఇంతే: కొవ్వులో తడిపిన నారగుడ్డ లోపల, బిగువైన గుడ్డచుట్టలు బయట. ఆపైన తేనె కూడా. మేం తేనె మానేశాం.

జనవరి 30
ప్లాస్టర్ తీశా. బయటికి నిటారుగా ఉంది, వాళ్ళమ్మకి అదే చాలు. ఎడమ రంధ్రంలో మాత్రం గాలి తక్కువ. దూలం కూడా వంగింది, అది ఇలా నెడితే నిలవదు. ఇబ్బందిపెడితే కొన్ని నెలలాగి దూలం సరిచేసే సెప్టోప్లాస్టీ చెయ్యాలి.

"శివరాత్రికి పోటీలున్నాయి మేడమ్."

ఆరు వారాలు వద్దన్నా.

"కూతకెళ్ళను, పట్టుకునేవాళ్ళలో ఉంటా."

బేరం ఒకటి!