పొగమంచు మీద తెల్ల అక్షరాలు

అరకు పేరుతో వెబ్ పేజీ చేసేవారికి ముందుగా తోచేది పొగమంచే. తెర నిండా మంచు కప్పిన కొండలు, వాటి మీద తెల్లటి అక్షరాల్లో ఓ తీయని వాక్యం. ఎండలో ఫోన్ పట్టుకుని చూస్తే తెలుపులో తెలుపు కలిసిపోయి ఆ వాక్యం కనబడదు. మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. పొగమంచు ఆ లెక్కకు లొంగదు. అదే ఫోటోలో కింద సిల్వర్ ఓక్ చెట్ల ముదురు పచ్చదనం ఉంటుంది. మాటను అక్కడికి దించితే చదువుకోవచ్చు.

పేజీ తలభాగానికి ఇంత పట్టింపు అవసరమే. వెబ్ పేజీలను జనం ఎలా చూస్తారో పరిశోధించే నీల్సన్ నార్మన్ సంస్థ 2018లో పరిశీలిస్తే, పేజీ చూసే సమయంలో 57 శాతం తొలి తెర మీదే గడుస్తోందని తేలింది. 2010లో అది 80 శాతం. కిందికి జరుపుకుంటూ చదవడం అలవాటయ్యాక కూడా సగానికి మించిన చూపు పైనే ఆగుతోంది.

అంత విలువైన చోట 'ప్రకృతి ఒడిలోకి స్వాగతం' అంటే ఏం లాభం? ఆ మాట మున్నార్‌కూ సరిపోతుంది, కూర్గ్‌కూ సరిపోతుంది. అరకు కాఫీ అమ్మే పేజీ అయితే చెప్పుకోవడానికి ఎంతో ఉంది. నీడచెట్ల కింద, మిరియాల తీగల పక్కన, చిన్న చిన్న కమతాల్లో గిరిజన కుటుంబాలు పండించే అరబికా అది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. 2017 నుంచి పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం ఉంది. అయితే ఇదంతా పైనే కుక్కితే ఏదీ మిగలదు. పండించేది ఎవరు, ఎక్కడ, కొనాలంటే ఏది నొక్కాలి? ఈ మూడూ ఒక్క చూపులో అందితే మిగిలిన కథ కింద తీరిగ్గా చెప్పుకోవచ్చు.

ఫోటో దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. గిరిజన నృత్యం థింసా ఆడే స్త్రీలను అలంకారంగా నిలబెట్టి, వాళ్ల ముఖాల మీదుగా శీర్షిక పరిచే పేజీలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. చేయీ చేయీ కలిపి వరసగా సాగే ఆట అది. అడ్డంగా తీసిన ఆ ఫోటో ఫోన్ తెరకు సరిపడా నిలువుగా తెగేసరికి అంచుల్లోని ఆడవాళ్లు మాయమవుతారు, వరస తెగిపోతుంది. దానికి బదులు కాఫీ పండ్లు కోస్తున్న ఒక్క మనిషిని చూపించవచ్చు. ముందు ఆమెను అడగాలి, ఎక్కడ ఎలా వాడతామో చూపించాలి, సరేనంటే పేరూ వేయాలి. ఆ ఫోటో బరువూ తగ్గించాలి. తొలి తెరలోని పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. సిగ్నల్ సరిగా అందని కొండదారుల్లో ఆ కొలత ఇంకా గట్టిగా పాటించాలి.

తలభాగం ఏడాదంతా ఒకేలా ఉండనక్కర్లేదు. వేసవి తొలి జల్లులకు తెల్లటి పూత, శీతాకాలంలో ఎర్రటి పండ్ల కోత. ఏ కాలంలో తెరిస్తే ఆ కాలపు తోట కనబడితే బాగుంటుంది. భాష మార్చుకునే మీట కూడా పైనే ఉండాలి. పాడేరులో చదువుకునే కాఫీ రైతు బిడ్డ తమ పంట గురించిన పేజీని తెలుగులో చదవడానికి అట్టడుగు దాకా వెతుక్కోవలసి రాకూడదు.