ఓడినా వీడని అభిమానం

నరసరావుపేటలో మా పొరుగున నివసించిన ఒక పెద్దాయన, హైదరాబాద్‌లో గడిపిన యౌవనం మొదలు కడవరకూ అక్కడి సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టునే అభిమానించారు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. దాని శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ బడిపంతులుగా పనిచేసినవారు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణం సాధించిపెట్టి, మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో కన్నుమూశారు.

క్రమేణా ఆ జట్టు వైభవం తరిగిపోయింది. పెద్దాయన మాత్రం మరో జట్టును వెతుక్కోలేదు. “గెలిచిన నాడు మనవాళ్లన్నాం, ఓడితే పరాయివాళ్లంటామా?” అనేవారు. అంతటి ముచ్చటనూ అజాన్ వినగానే ఆపి మస్జిదుకు బయలుదేరేవారు.

విద్యార్థులకు వఫాదారీ అంటే ఏమిటో బోధించవలసి వచ్చినప్పుడు మేము ఆయన మాటే చెబుతుంటాము. కలిమి తరిగిన బంధువు గడప మనం తొక్కి ఎన్నాళ్లయింది?