ఉప్పులో కలిసిన మందు

రోగానికి కులమూ లేదు, వర్గమూ లేదు అని మనలో చాలామంది నమ్మకం. రోగం పుట్టుక విషయంలో యిది కొంతవరకు నిజం కావచ్చు. రోగం కుదరడంలో మాత్రం నిజం కాదు. ఒకే జబ్బు, ఒకే మందు, ఒకే మోతాదు. అయినా ఉద్యోగస్థుల యింట అది అలవాటుగా సర్దుకుంటుంది. కూలివారి యింట బతుకునే తలకిందులు చేస్తుంది. యీ తేడా యెక్కడినుంచి వస్తున్నదో నౌపడలో కాపురముంటూ, రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ, సుగరున్న తల్లిని చూసుకుంటూ ఆలోచించిన మేరకు చెప్పాలని నా ప్రయత్నం.

నౌపడ అంటే ఉప్పు. శ్రీకాకుళం జిల్లాలో మా వూరు ఉప్పు మళ్ళతోనే నలుగురికీ తెలుసు. 1900లో పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు యిక్కడినుంచే బయలుదేరింది; 1931లో అది గుణుపురం దాకా సాగింది. పట్టాలకు యీ కొసన సముద్రం, ఆ కొసన కొండలు. కొండల్లో ఉప్పు పుట్టదు. పైగా వానలూ వాగులూ కొండనేలలోని అయోడినును కడిగి సముద్రంలో కలుపుతాయి. అందుకే కొండ ప్రాంతాలలో మెడవాపు, మన ప్రాచీన వైద్యులు గళగండమని పేరుపెట్టిన జబ్బు, హెచ్చుగా కనిపిస్తూ వచ్చింది. విచిత్రమేమంటే, అంత అయోడిను చేరిన సముద్రపు నీటిని యెండబెట్టి తీసిన ఉప్పులో అది దాదాపుగా మిగలదు. సముద్రపు ఉప్పు గనుక అన్నీ వుంటాయనుకోవడం వట్టి భ్రమ.

యీ జబ్బుకు ఉప్పుతోనే విరుగుడు చెప్పవచ్చునని మన దేశంలో రుజువు చేసిన శాస్త్రజ్ఞుడు శ్రీకాకుళంలో పుట్టినవాడే కావడం మనం గర్వించదగిన సంగతి. వులిమిరి రామలింగస్వామి 1921లో పుట్టాడు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివాడు. 1956లో ఆయనా సహచరులూ హిమాలయాల దాపున కాంగ్రా లోయలో సుమారు లక్షమంది జనాభాను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, మూడోదానికి మామూలు ఉప్పును అందజేశారు. 1962 నాటికి మొదటి రెండు భాగాలలో మెడవాపు బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. తర్వాత అక్కడా అయోడిను ఉప్పే యిచ్చారు, అక్కడా తగ్గింది. 1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలయింది.

యిందులో మనం గమనించవలసింది ఒకటున్నది. యీ వైద్యం కోసం యే కూలిమనిషీ పని మానుకోలేదు. యెవరూ పరగడుపున వుండలేదు. చీటీ పట్టుకుని వరసలో నిలబడలేదు. మందు కూరతోపాటు కంచంలోకి వచ్చింది. రోగి క్రమశిక్షణ మీద కాక సమాజం యేర్పాటు మీద ఆధారపడిన వైద్యమిది.

అయితే ఆ యేర్పాటు యెవరి చేతిలో వుండాలి? తినడానికి అమ్మే అయోడిను లేని ఉప్పును కేంద్ర ప్రభుత్వం 1998లో నిషేధించింది, 2000లో నిషేధం యెత్తివేసింది, 2006లో మళ్ళీ తెచ్చింది. నిషేధం పెద్ద కంపెనీలకు లాభమనీ, చిన్న ఉత్పత్తిదారును ముంచుతుందనీ అప్పట్లో వాదించినవారున్నారు. ఆ భయం నిరాధారమైనది కాదు. కాని దానినుంచి అయోడినే కుట్ర అన్న నిర్ణయానికి రావడం తర్కం కాదు. కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాముల అయోడిను తినేవాడి యింటికి చేరితే చాలు. అంత స్వల్పమైన పని చిన్న రైతుల సహకార సంఘం చేయలేనిది కాదు. యంత్రమూ పరీక్షా ప్రభుత్వం సమకూర్చాలి. మన పోరు శాస్త్రంతో కాదు, శాస్త్రాన్ని సొంతం చేసుకునేవారితో.

ఉప్పు తీర్చలేని జబ్బులూ వున్నాయి. నాది అలాంటిదే. శరీరపు రక్షణశక్తే థైరాయిడ్ గ్రంథిపై దాడిచేసే యీ తీరును 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించాడు. యిది మగవారికన్నా ఆడవారిలో చాలా యెక్కువ. దీనికి అయోడిను కాదు, థైరాక్సిన్ కావాలి. 1914లో కెండాల్ దాన్ని విడదీశాడు. 1927లో ప్రయోగశాలలో తయారుచేశారు. యీనాడు మాత్ర ఖరీదు గ్లాసు టీ ఖరీదుకన్నా తక్కువ. పరగడుపున వేసుకుని, అరగంటో గంటో ఆగి కాఫీ తాగాలి. ఐరను, కాల్షియం బిళ్ళలకు నాలుగు గంటలు యెడం వుండాలి. పదిగంటలకు కళాశాలకు వెళ్ళే నాకు యిందులో కష్టం లేదు.

వరసకు పిన్ని అయ్యే మా యెదురింటావిడకు కూడా అదే మాత్ర రాశారు. ఉప్పు మళ్ళలో పని చీకటితోనే మొదలవుతుంది. "ఏటే అమ్మా, గంట ఊరుకోమంటారు. గంట ఊరుకుంటే పొద్దెక్కిపోద్ది. అంబలి తాగకుండా మడిలోకి ఎల్తే కళ్ళు తిరుగుతాయి. ఏటి సెయ్యమంటావు?" అన్నది. అది బద్ధకమూ కాదు, అజ్ఞానమూ కాదు. రెండు గడియారాల తగువు. ఆమె పనివేళ అడిగి తెలుసుకున్న ఒక డాక్టరు, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకోబోయే ముందు వేసుకోమన్నాడు. మందు అదే, మారింది ప్రశ్న.

సుగరు విషయంలో యీ తగువు ప్రాణాంతకం కాగలదు. సుగరు బలిసినవాళ్ళ జబ్బు అన్న మాట యింకా వినబడుతున్నది గాని, మా వీధిలోనే దానికి సాక్ష్యం నిలవదు. 1957లో వైద్యంలోకి వచ్చిన మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు అలా కాదు. వేసుకుని తిండి ఆలస్యం చేసి ఒళ్ళు వంచితే చెమట, వణుకు, తల తిరుగుడు వస్తాయి. మే నెల యెండలో ఉప్పు మడిలో నిలబడ్డ మనిషికి అవే లక్షణాలు కనిపిస్తే చూసేవారు వడదెబ్బ అనుకుంటారు. నీడకు చేర్చి మంచినీళ్ళిస్తారు. అప్పుడు కావలసింది చక్కెర నీళ్ళు. యీ చిన్న సంగతి మందు చీటీ మీద వుండదు.

మాకు దగ్గరలోనే ఉద్దానం. సుగరూ రక్తపోటూ లేనివారినీ అక్కడ మూత్రపిండాల జబ్బు పట్టి పీడిస్తున్నది. మూత్రపిండాలు బాగా చెడితే మెట్‌ఫార్మిన్ ఆపవలసి వుంటుంది. కనుక యీ ప్రాంతంలో సుగరు మాత్ర ఒక్కటే చాలదు, వేళకు క్రియాటినిన్ పరీక్ష కావాలి. పరీక్షకు టెక్కలి వెళ్ళివస్తే ఒకరోజు కూలి పోతుంది. మాత్ర చవకే, దాన్ని సక్రమంగా వాడగల జీవితం చవక కాదు.

బాంటింగ్, బెస్ట్, కోలిప్‌లు ఇన్సులిన్ హక్కును 1923లో టొరాంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు రాసిచ్చారు. ఆ వుదారత మందును కనిపెట్టినవారి పని. మందును పనివేళలకు కుదిర్చి, పరీక్షను పని దగ్గరకు తెచ్చి, పరీక్ష రోజున కూలి పోకుండా చూడడం సమాజం పని. కాంగ్రాలో ఉప్పు చేసినదాన్ని మిగతా మందుల విషయంలో వ్యవస్థ చేయాలి.

తెలుగు చెప్పుకునేదాన్ని గనుక సాహిత్యం మాట ఒకటి. క్షయరోగి దగ్గు మన కథల్లో చాలాసార్లు వినబడింది. చావు దగ్గరున్న జబ్బులో కరుణరసం సులువుగా దొరుకుతుంది. ముప్పైయేళ్ళు రోజూ మింగే మాత్రలో నాటకీయత లేదు. కాని యీనాటి కూలిమనిషి బతుకు వాస్తవం అందులోనే వున్నది. మాత్ర వేసుకుంటున్నావా అని అడిగేవారు చాలామంది వున్నారు. యే వేళకు పనిలోకి పోతావు, యేం తిని పోతావు అని కూడా అడగడం వైద్యుడు నేర్చుకోవాలి, రచయితా నేర్చుకోవాలి.