నువ్వు ఎక్కడికి వెళ్లాలో రాయి

నెల్లూరు

ప్రియమైన స్నేహితురాలికి,

నీ కోడలు ఫోన్ చేసింది. డాక్టరు కర్ర పట్టుకోమంటే నువ్వు ససేమిరా అన్నావట. లిఫ్టు ఉన్నా కింద పార్కుకి దిగడం మానేశావట. మేనకోడలి పెళ్లికి కూడా నెల్లూరు రానన్నావట. నీ మోకాలి నొప్పి కంటే ఈ మాటలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఫోన్‌లో చెబితే మధ్యలో మాట మార్చేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువు.

“కర్ర పట్టుకుంటే ఇక నా పని అయిపోయినట్టే” అన్నావట. ఏం మే, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నా పోలియో కాలికి ఆసరాగా క్యాలిపర్ ఉంది కదా! నీతో బడికి నడిచింది ఆ కాలితోనే. ఇప్పుడు ఇంట్లో క్యాలిపర్, మోచేతి కర్ర వాడుతున్నాను. బజారుకి వెనక రెండు చక్రాలు బిగించిన స్కూటీ మీద వెళ్తాను. పెళ్లిళ్లకీ, రైలు ప్రయాణాలకీ వీల్‌ఛైర్. ఒకే రోజు మూడూ వాడిన సందర్భాలున్నాయి. మొదట కర్ర, తర్వాత వాకర్, ఆ తర్వాత వీల్‌ఛైర్, ఆఖరికి మంచం అని జనం వరస పెట్టేస్తారు. ఆ వరసే తప్పు. వంటింట్లో గరిటె పక్కన పెట్టి చిల్లుల గరిటె అందుకుంటే వంట మరిచిపోయినట్టా? ఏ పనికి ఏది కావాలో అది తీసుకుంటాం, అంతే.

చిన్నప్పుడు పోలియో తగిలిన నాబోటి వాళ్లలో చాలామందికి దశాబ్దాల తర్వాత కండలు మళ్లీ బలహీనపడతాయి. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మన దేశంలో వైల్డ్ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014 మార్చిలో దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రకటించారు. అంతకు ముందు దాని బారిన పడిన మేము ఇంకా ఉన్నాం, మా కండలు ఇప్పుడు అలిసిపోతున్నాయి. ఉన్న బలాన్ని అరగదీసుకోకుండా పొదుపుగా వాడుకోమన్నారు డాక్టరు. పెళ్లికి వీల్‌ఛైర్లో వెళ్తే, ఇంటికొచ్చాక నిలబడి పులుసు పెట్టుకునే ఓపిక నాకు మిగులుతుంది. నీ సంగతి వేరు. నీది కీళ్ల అరుగుదల, నువ్వు నడవాలి. నొప్పికి భయపడి కూచుంటే తొడ కండరం సన్నబడుతుంది, మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. నిన్ను నడిపించడానికే డాక్టరు కర్ర రాసింది.

కర్ర షాపులో నచ్చినది తెచ్చుకునే వస్తువు కాదు, కొలిచి తీసుకోవాలి. నువ్వు బయటికి వేసుకునే చెప్పులే వేసుకుని నిటారుగా నిలబడు. చేతులు వదులుగా కిందికి వేలాడేయి. కర్ర పిడి నీ మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగాలి, 20 నుంచి 30 డిగ్రీలు. కర్ర పొడవైతే భుజం పైకి లేస్తుంది, పొట్టిదైతే నడుం వంగుతుంది. బటన్ నొక్కి ఎత్తు మార్చే అల్యూమినియం కర్ర నీకు సులువు. పిడి గుండ్రంగా కాకుండా అరచేయి పరిచి ఆనించేలా ఉంటే మంచిది.

నీకు నొప్పి కుడి మోకాలు కదా? కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి. అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. మామూలుగా నడిచేటప్పుడు కుడి కాలు ముందుకు పడితే ఎడమ చెయ్యి ముందుకొస్తుంది, గమనించు. ఆ చేతిలో కర్ర ఉంటే కర్రా, నొప్పి కాలూ ఒకేసారి నేలకి ఆనతాయి. బరువుని రెండూ పంచుకుంటాయి, ఒళ్లు పక్కకి ఒరగదు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. రెండో చెయ్యి ఎప్పుడూ రెయిలింగు మీదే ఉండాలి. ఒక్కసారి ఫిజియోథెరపిస్టు ముందు నడిచి చూపించు, ఆవిడ సరిచేస్తుంది.

కర్ర అడుగున రబ్బరు బుష్ ఉంటుంది, దాని మీద గీతలుంటాయి. అవి అరిగి నున్నగా అయ్యాయంటే వెంటనే మార్చాలి. చిన్న వస్తువే గానీ, తడిసిన గ్రానైట్ మీద నిన్ను ఆపేది అదే. నాలుగు కాళ్ల కర్ర ఇంకా గట్టిదని ఎవరైనా చెబితే తొందరపడకు. ఇంట్లో చదునైన నేల మీద బాగుంటుంది, కానీ మన రోడ్ల ఎగుడుదిగుళ్ల మీద నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనవు, ఊగుతుంది. మెట్టు మీద సరిగా పట్టదు కూడా.

నొప్పి ఎక్కువైన రోజుల్లో వాకర్ అవసరం రావచ్చు. కొనే ముందు బాత్రూం తలుపు వెడల్పు టేపు పెట్టి కొలిపించు. ఫ్లాట్లలో అన్ని తలుపుల్లోకీ ఇరుకైనది అదే, మనిషికి ఆసరా ఎక్కువ కావలసిందీ అక్కడే. కమోడ్ పక్కన గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ గట్టిగా బిగించమని మీ అబ్బాయికి చెప్పు. టవల్ రాడ్‌ని మాత్రం నమ్ముకోవద్దు, మనిషి బరువుకి అది ఊడొస్తుంది. వాకర్ పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ ఉండవు, కాఫీ గ్లాసు తీసుకెళ్లలేవు. ముందు కడ్డీకి తేలికపాటి సంచి కట్టుకుని, కాఫీ మూత ఉన్న ఫ్లాస్కులో పోసుకో. చీర కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా కట్టుకో, పైట నడుముకి దోపుకో. మన ఆడవాళ్ల ఇబ్బంది ఇది, షాపులో మగవాళ్లు చెప్పరు.

పెళ్లికి మాత్రం వీల్‌ఛైర్లో రమ్మంటాను. కల్యాణ మండపంలో గేటు నుంచి వేదిక దాకా, అక్కడి నుంచి భోజనాల దాకా నడవడం నీ మోకాలి వల్ల కాదు. కూచున్నప్పుడు తొడకీ కుర్చీ చేతికీ మధ్య అరచెయ్యి నిలువుగా పట్టాలి, అంతకంటే ఖాళీ వద్దు. పాదాలు ఫుట్‌రెస్టుల మీద పూర్తిగా ఆనాలి. లేచేటప్పుడు రెండు బ్రేకులూ వేసి, ఫుట్‌రెస్టులు పైకి మడిచి అప్పుడు లే. “అయ్యో పాపం, ఇట్టా అయిపోయిందే” అనేవాళ్లు అంటారు. “నాకు బాగానే ఉంది, పిల్లని చూడ్డానికొచ్చాను” అని చెప్పి ముందుకు పద. నా చిన్నతనం నుంచీ ఆ మాటలు వింటున్నాను. వాళ్లు రెండో పలకరింపుకి పిల్లల చదువుల్లో పడిపోతారు.

ఇంకో సంగతి. మీ అపార్ట్‌మెంటులో మెట్ల పక్కనున్న ర్యాంపు బైకులు ఎక్కించడానికి కట్టింది, నిటారుగా ఉంది. వీల్‌ఛైర్‌కి ఒక అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు వాలు కావాలి. అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తమని మీ అబ్బాయికి చెప్పు. ఎవరి దయా అడగడం లేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది. సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి నిబంధనలు చెయ్యాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో పరిశీలన చేసి నివేదిక ఇచ్చింది మీ హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమే. ర్యాంపు వస్తే నీకే కాదు, పిల్లల తోపుడు బండికీ, నీళ్ల క్యాన్లు మోసే అబ్బాయికీ మేలే.

పేద వృద్ధులకి కర్రలు, వాకర్లు, వీల్‌ఛైర్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. మీ ఇంట్లో పనిచేసే ఆమె వాళ్ల అమ్మ గోడలు పట్టుకుని నడుస్తోందన్నావు. ఆవిడకి 60 దాటాయి కదా, వాళ్లకి ఈ సంగతి చెప్పు. ఉచితంగా వచ్చినా, డబ్బు పెట్టి కొన్నా, ఆ మనిషి ఒంటికి కొలత సరిపోయిందో లేదో చూడాలని కూడా చెప్పు. కొలత కుదరని వస్తువు చివరికి అటక ఎక్కుతుంది.

ఇక నీకు ఒక పని. జవాబు రాసేటప్పుడు నొప్పి ఎంతుందో రాయొద్దు, నువ్వు ఎక్కడెక్కడికి వెళ్లాలనుకుంటున్నావో రాయి. పార్కు, కూరల మార్కెట్టు, మనవడి బడి, రంగనాయకుల గుడి, ఏదైనా సరే. ఒక్కో చోటుకి ఎంత దూరం, ఎన్ని మెట్లు, కూచోవడానికి బెంచీ ఉందా లేదా, అది కూడా రాయి. దేనికి కర్ర చాలో, దేనికి వీల్‌ఛైర్ కావాలో మనిద్దరం కూచుని తేల్చుకుందాం. ఆ జాబితాలో పెళ్లిని మొదటిదిగా నేనే రాసేశాను. మండపం వాళ్లతో మాట్లాడి, మెట్లు లేని దారి ఎటుందో కనుక్కుని నీకు చెబుతాను.

మనవడికి నా ఆశీస్సులు. కోడలికి నా మాటగా చెప్పు, నాకు ఫోన్ చేసి చాలా మంచి పని చేసింది.

నీ
స్నేహితురాలు