క్రొత్త మాంత్రికులకు కొన్ని మాటలు

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో, తెలిసిన దానినుండి తెలియని దానికి విద్యార్థిని నడిపింపవలెనని మాకు బోధించిరి. ఇరువది యేండ్లుగా తరగతిలో ఆ సూత్రమును పాటించుచున్నామని గర్వించుచుంటిమి. అయినను ఒక యాటలో దానిని మఱచితిమి; అదే యాటలో ఒక బాలికను నొప్పించితిమి; ఆ బాలిక తల్లి మాకు పాత పాఠమును మరల చెప్పవలసి వచ్చెను. ఆ యాటలో మాంత్రికుని పాత్ర వహింపగోరు విద్యార్థులు మా పొరపాటు చేయకుందురు గాక యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా యింట శనివారము సాయంకాలము అయిదారుగురము కూడి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట నాడుచుందుము. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు అమెరికా దేశస్థులు దీనిని 1974లో ప్రకటించిరి. ఒకరు కథ నడుపుదురు. వారిని డంజన్ మాస్టర్ అందురు. మా బల్లయొద్ద ఆ పని మా పూర్వ విద్యార్థి యొకడు చేయుచున్నాడు. మిగిలినవారు తలకొక పాత్ర ధరించి, ఆ పాత్ర చేయబోవు పనిని నోటితో చెప్పుదురు. ఫలితము సందేహమైన చోట ఇరువది ముఖముల పాచిక వేయుదురు. ఇందు ఒకరిపై నొకరు గెలుచుట లేదు. జట్టుగా నిలుచుటయో, జట్టుగా కూలుటయో కలదు.

యోధుడు, దొంగ, పురోహితుడు మొదలగు పాత్రలెన్ని యున్నను, పిల్లలు మొదట కోరునది మాంత్రికుని పాత్రయే. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రములో ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుని చూచినవారు, తామును చేయెత్తినంతనే లోకము వణకునని తలంతురు. ఆటలో స్థితి వేఱు. మొదటి అంతస్తు విజార్డు పుస్తకములో ఆఱు మంత్రములుండును గాని, రాత్రి విశ్రాంతి పొందువఱకు రెండు మారులు మాత్రమే ప్రయోగింపగలడు. ఈ అవకాశములకే స్లాట్లని పేరు. దినమున కొకమారు స్వల్ప విశ్రాంతి పిమ్మట ఒకటి తిరిగి వచ్చును. 1974 నాటి నియమములలోనైతే దినమునకు ఒక్క మంత్రమే. దెబ్బకు తాళు బలము యోధునికి పదియైనచో ఇతనికి ఆఱు. దేహదార్ఢ్యమును బట్టి మఱికొంత చేరును. క్యాంట్రిప్పులను చిన్న మంత్రములను మాత్రము ఎన్ని మారులైనను వాడవచ్చును.

మేమును ఆ పాత్రనే కోరుకొంటిమి. కొన్ని నెలలకు అయిదవ అంతస్తునకు వచ్చి ఫైర్‌బాల్ అను మంత్రమును సంపాదించితిమి. దానిని 150 అడుగుల దూరమువఱకు విసరవచ్చును. పడిన చోటినుండి నలుదెసల 20 అడుగులలో నున్నవారినెల్ల అది దహించును. శత్రువు, మిత్రుడు అను భేదము దానికి లేదు. ఒక శనివారము నేలమాళిగలో శత్రువులు గుమిగూడి యుండిరి. వారి నడుమ మా జట్టులోని దొంగ పాత్ర చిక్కుకొని యున్నదని తెలిసియు, ఎనిమిది పాచికలు వేయు ముచ్చట నాపుకొనలేక మేము ఆ మంత్రమును ప్రయోగించితిమి. ఆ పాత్ర అప్పటికే గాయపడి యుండెను, నేలకొఱిగెను. ప్రాణము నిలుపుకొనుటకు వేయు పాచిక మూడు మారులు ప్రతికూలముగా పడెను.

ఆ పాత్రను నడుపుచున్నది తొమ్మిదవ తరగతి బాలిక. తరగతిలో లేచి నాలుగు మాటలు పలుకలేని పిల్ల, మా బల్లయొద్ద ఆ దొంగ గొంతుతో ధారాళముగా మాటాడుచుండెను. దానికి బొమ్మ గీసెను. ఊరు, తోబుట్టువులను కల్పించెను. ఆ సాయంకాలము ఆమె యేమియు అనలేదు. కాగితమును నాలుగు మడతలు పెట్టి సంచిలో నుంచుకొని వెళ్లిపోయెను. తరువాతి శనివారము రాలేదు. ఆ పై వారమును రాలేదు. తరగతిలోను మునుపటివలె మౌనము వహించెను.

వారి గృహము ఎల్.బి. నగర్‌లో నున్నది. 2018 సెప్టెంబరు 24న ఆ మెట్రో మార్గము తెఱవబడినది మొదలు మా యింటినుండి మూడవ స్టేషనే యైనను, క్షమాపణ చెప్పుకొన బోవువారికి ఆ దారి మిక్కిలి దీర్ఘముగా తోచెను. బాలికయొద్ద మా తప్పు నొప్పుకొంటిమి. అప్పుడు ఆమె తల్లి తన మనస్సులోని మాట అడిగెను. “పిల్లలకు మంత్రాలు నేర్పుతున్నరంట గద సార్?”

ఆ ప్రశ్నకు మేము నొచ్చుకొనలేదు. 1980 తరువాతి సంవత్సరములలో అమెరికాలోను తల్లిదండ్రు లనేకులు ఇట్లే భయపడిరి. ఆటలో ఎవరును జపము చేయరనియు, మంత్రము పేరు చెప్పి పాచికలు వేసి కూడికలు తీసివేతలు చేయుదురనియు విన్నవించి, “అమ్మా, ఒక సాయంకాలము వచ్చి మీరే చూడుడు” అని కోరితిమి.

ఆమె వచ్చెను. ఆ దినమున క్రొత్త కథను మొదటి అంతస్తునుండి ప్రారంభించుచుంటిమి. బాలిక ఈ మారు మాంత్రికుని పాత్ర నడుగగా మేము స్లాట్లను గూర్చి వివరింప బూనుకొంటిమి. పట్టికలు చూపితిమి; నిర్వచనములు చెప్పితిమి. పిల్ల ముఖమున తికమకయే మిగిలెను. గంటసేపు మౌనముగా కూర్చున్న తల్లి అప్పుడు పలికెను. “జీతం వొచ్చిన నాడే అంతా ఖర్చు పెడితే నెలాఖర్ల ఏం తింటం బిడ్డా? గట్లనే ఇది.” ఇట్లని, అష్టాచెమ్మా కొఱకు మా యింట దాచిన చింతగింజలలో రెండు తీసి కూతురి ముందుంచెను. మంత్రము వాడినపుడెల్ల ఒక గింజ ప్రక్కకు పోవలెను. తెలిసిన దానినుండి తెలియని దానికి పోవుట యననేమో నాడు మాకు మరల తెలిసెను.

అది మొదలు క్రొత్తవారికి మేము చెప్పునవి ఇవి. మీ గింజలను ముందు పెట్టుకొనుడు. క్యాంట్రిప్పుతో తీరు పనికి గింజను వెచ్చింపకుడు. యోధుని వెనుక నిలువుడు. పెద్ద మంత్రమునకు ముందు, “అచ్చట మనవారెవరైన నున్నారా?” యని అడుగుడు, ఈ యొక్క ప్రశ్న మేము అడిగియుండిన ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోవును.

కొన్ని మంత్రములు నిలుచుటకు ఏకాగ్రత, అనగా కాన్సంట్రేషన్, కావలెను. అట్టివి రెండు ఒకేసారి నిలువవు. రెండవదానిని మొదలుపెట్టిన మొదటిది పోవును. దెబ్బ తగిలినపుడు పాచిక వేసి, పదియో, తగిలిన దెబ్బలో సగమో, ఏది హెచ్చైన దానిని అందుకొననిచో ఆ మంత్రము చెదరును. డిటెక్ట్ మ్యాజిక్, కాంప్రెహెండ్ లాంగ్వేజెస్ వంటివానిని పది నిమిషములు అధికముగా వెచ్చించి రిచువల్ పద్ధతిని చేసినచో గింజ ఖర్చు కాదు. తొందర లేని చోట ఆ పద్ధతియే మేలు.

మీ మంత్రముల నియమములను చీట్లపై వ్రాసికొని, మీ వంతు రాకమునుపే చదువుకొనుడు. వెల గల గ్రంథమే కొననక్కఱలేదు. మూలనియమములు 2023 నుండి అందఱును స్వేచ్ఛగా వాడుకొనుటకు ప్రకటింపబడియున్నవి. పాచికలు లేవని చింతింపకుడు. 1979లో పాచికల కొఱత కలుగగా ప్రకాశకులే పెట్టెలలో అంకెల చీట్లను పెట్టి అమ్మిరి. మఱియు ఆఱు మంత్రములలో ఆఱును కాల్చునవి, కొట్టునవి కాకుండ, ఒకటైనను రక్షించునది యుండునట్లు చూచుకొనుడు.

ఈ కడపటి మాటను మాకు నేర్పినది ఆ బాలికయే. క్రొత్త కథ మూడవ వారమున మేము నలువురము ఒక లోయపై త్రాళ్ల వంతెన దాటుచుండగా, ఆవలి గట్టున శత్రువులు కనబడిరి. ఆమె వెనుకటి గట్టున నుండెను. ముందు ఒక్క గింజయే మిగిలియుండెను. “కొట్టు, కొట్టు!” అని అందఱమును కేకలు వేసితిమి, అందు మా కేకయే పెద్దది. ఆమె గింజను పిడికిట పట్టుకొని తల యడ్డముగా ఆడించెను. మరుక్షణమున శత్రువులు త్రాళ్లను కోసిరి. “ఫెదర్ ఫాల్” అని ఆమె స్పష్టముగా పలికి, గింజను బల్లపై ఉంచెను. అయిదుగురివఱకు పడువారిని ఈకవలె దింపు మంత్రమది. మేము నలువురము దెబ్బ లేక లోయ అడుగున నిలిచితిమి.

మూలన కూర్చున్న తల్లి నవ్వెను. కిందటి కథలో ఆ పిల్ల పాత్రను కాల్చినవారు మేము; ఈ కథలో మా పాత్రను నిలిపినది ఆ పిల్ల. తరువాతి సోమవారము తరగతిలో మేము అడిగిన ప్రశ్నకు ఆమె తానై లేచి సమాధానము చెప్పెను. ఆ సమాధానము తప్పే. అయినను మేము మిక్కిలి సంతోషించితిమి.